థీసిస్‌లో పీ వ్యాల్యూ 0.07 వచ్చింది, ఒక్క కేసు తీసేయమంటున్నారు. ఏం చేయను?

మత్తు_పీజీ

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. చెన్నైలో అనస్తీషియా పీజీ మూడో ఏడు చదువుతున్నాను. థీసిస్ ఇవ్వడానికి ఇంకా పదహారు రోజులే ఉంది. మూడు రాత్రులుగా నిద్ర లేదు, ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చాక చాలామందికి బీపీ పడిపోతుంది. మత్తుకి ఐదు నిమిషాల ముందు ఆన్‌డాన్‌సెట్రాన్ అనే వాంతుల మందు 4 మిల్లీగ్రాములు ఇస్తే అలా పడిపోవడం తగ్గుతుందా అన్నది నా టాపిక్. 30 మందికి మందు, 30 మందికి ఉత్త సెలైన్. సిరంజిలు వేరేవాళ్ళు నింపి ఇచ్చేవాళ్ళు, ఎవరికి ఏది వెళ్ళిందో చివరిదాకా నాకు తెలియదు. రెండు నిమిషాలకోసారి బీపీ నేనే చూసి రాసుకున్నాను. చివర్లో కోడ్ విప్పితే సెలైన్ వాళ్ళలో 18 మందికి పడింది, మందు వాళ్ళలో 11 మందికే పడింది. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో.

తర్వాత స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్తే కై-స్క్వేర్ అనే లెక్క చేసి పీ వ్యాల్యూ 0.07 అన్నారు. 0.05 కంటే తక్కువ వస్తేనే సిగ్నిఫికెంట్ అంటారు. మా గైడ్ సార్‌కి చూపిస్తే "సిగ్నిఫికెంట్ రాలేదా? మందు గ్రూపులో ఒకావిడకి సూది రెండుసార్లు గుచ్చావు కదా, ఆ కేసు తీసెయ్, వచ్చేస్తుంది" అన్నారు. తీసి చూశాను. 0.0497 వచ్చింది.

ఆవిడ నాకు బాగా గుర్తు. రెండో కాన్పు. పై బీపీ 78కి వచ్చేసరికి మొహం తెల్లబోయింది, కళ్ళు తిరుగుతున్నాయని తమిళంలో చెబుతూ నా రెండు వేళ్ళు గట్టిగా పట్టుకుంది. బీపీ పెరిగే ఇంజెక్షన్ ఇచ్చాక నిమిషంలో తేరుకుంది, కాసేపటికి బిడ్డ ఏడుపు వినిపించింది, అప్పుడు వేళ్ళు వదిలింది. ఎక్సెల్‌లో ఆ వరుస సెలెక్ట్ చేశాను కానీ డిలీట్ నొక్కలేకపోతున్నాను. నొక్కకపోతే థీసిస్ తిప్పికొడతారేమోనని భయం. మీరైతే ఏం చేస్తారు?

ఓఎంఆర్_కుర్రాడు

అక్కా, అంత టెన్షన్ వద్దు. నేను డాక్టర్ని కాదు, షోలింగనల్లూరులో డేటా పని చేస్తాను. మా దగ్గర అవుట్‌లయర్లు, అంటే మిగతావాటితో కలవని అంకెలు, తీసేయడం రోజూ ఉండేదే. 60లో ఒక్కటేగా. తీసేయమని గైడే చెప్పారు కాబట్టి బాధ్యత కూడా ఆయనదే. పని పూర్తి చేసి పడుకో.

కోఆర్డినేటర్_అక్క

తమ్ముడూ, కాస్త ఆగు. పై బీపీ 780 అని పడి ఉంటే అది టైపింగ్ తప్పు, సరిచేయాలి. 78 అని పడిందంటే అది ఆ మనిషికి నిజంగా జరిగింది. ఈ అమ్మాయి కళ్ళారా చూసింది. అది అవుట్‌లయర్ ఎలా అవుతుంది? ఆ మందు ఆపుతుందో లేదో చూద్దామని మొదలుపెట్టిందే అలా పడిపోవడం గురించి కదా.

చేట్‌పట్_లెక్కలు

అమ్మా, నేను ముప్పయ్యేళ్ళు ఈ పనే చేసి రిటైర్ అయ్యాను. నీ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు రెండు సంగతులు చూసి చెప్పు. ఒకటి, ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో ఎవరిని తీసేయాలని రాశావు? రెండోది, సెలైన్ గ్రూపులో సూది రెండుసార్లు గుచ్చినవాళ్ళు ఎవరూ లేరా?

మత్తు_పీజీ

సార్, ఇప్పుడే ఫైల్ తీశాను. ప్రోటోకాల్‌లో వెన్ను మత్తు పనిచేయక పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చిన కేసుల్ని మాత్రమే తీసేస్తామని ఉంది. రెండోసారి గుచ్చడం గురించి ఒక్క ముక్క లేదు.

రెండో ప్రశ్న నాకు తట్టనే లేదు సార్. పాత షీట్లు అన్నీ తిరగేస్తే సెలైన్ గ్రూపులో అలాంటివాళ్ళు ముగ్గురు ఉన్నారు, వాళ్ళలో ఇద్దరికి బీపీ పడింది. మందు గ్రూపులో కూడా ఒకరు కాదు, ఇద్దరు. రెండో ఆవిడకి బీపీ పడలేదు కాబట్టి ఆవిడ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఐదుగురినీ తీసేస్తే సెలైన్‌లో 27కి 16, మందులో 28కి 10. పీ వ్యాల్యూ 0.08.

చేట్‌పట్_లెక్కలు

చూశావా అమ్మా. రూలు అందరికీ ఒకేలా పెడితే 0.08, మనకి అడ్డొచ్చిన ఒక్కరికే పెడితే 0.0497. ఈ తేడా మందు తెచ్చింది కాదు, మనం తెచ్చింది. మీ గైడ్ చెడ్డవాడని నేను అనను. ఆయనకి ఆ ఒక్క కేసే గుర్తుండటానికి కారణం అది ఫలితాన్ని పాడుచేసిన కేసు కావడమే. మనిషి కన్ను అలాగే పనిచేస్తుంది, అందుకే ఎవరిని తీయాలో కోడ్ విప్పకముందే రాసిపెట్టుకోమంటారు.

ఇక ఈ 0.05 సంగతి. ఇదేదో శరీరంలో ఉన్న గీత కాదు. ఫిషర్ అనే స్టాటిస్టీషియన్ 1925లో పరిశోధకుల కోసం రాసిన పుస్తకంలో ఇరవైకి ఒకటి అన్నది వాడుకకి వీలైన హద్దు అన్నాడు. అప్పట్లో ఆయన పని ఇంగ్లండ్‌లో ఒక వ్యవసాయ కేంద్రంలో, పొలాల్లో ఏ ఎరువుకి ఎంత దిగుబడి వచ్చిందన్న లెక్కలు. వీలు కోసం పెట్టుకున్న ఆ హద్దు వందేళ్ళలో మన పిల్లల థీసిస్‌లకి పాస్ మార్కు అయి కూర్చుంది.

పీ వ్యాల్యూ అంటే ఏమిటో నీ లెక్కతోనే చెబుతాను. 60 చీటీలు తీసుకో. 29 చీటీల మీద "పడింది" అని, 31 మీద "పడలేదు" అని రాయి. నీ 60 మందిలో మొత్తం మీద బీపీ పడింది 29 మందికే కదా. బాగా కలిపి, కళ్ళు మూసుకుని 30, 30 కుప్పలు పోయి. ఇక్కడ మందూ లేదు, సెలైనూ లేదు, ఉత్త చీటీలు. అయినా కొన్నిసార్లు ఒక కుప్పలో 18, ఇంకో కుప్పలో 11 వస్తాయి, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ తేడా కూడా వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నదే పీ వ్యాల్యూ. మందు పనిచేయకపోయే అవకాశం ఏడు శాతం అని దానికి అర్థం కాదు. ఈ పొరపాటు ప్రొఫెసర్లు కూడా చేస్తారు.

ఇంకోమాట. నీకు 0.07 ఇచ్చింది మామూలు కై-స్క్వేర్. అదే పట్టికకి, చిన్న గుంపులకి వాడే యేట్స్ సవరణ పెడితే 0.12 వస్తుంది. మనుషులు వాళ్ళే, అంకెలు అవే, పద్ధతి మారితే 0.07 కాస్తా 0.12 అయింది. ఇంత కదిలే గీత మీద నీ మూడేళ్ళ కష్టాన్ని నిలబెట్టవద్దు.

ఓఎంఆర్_కుర్రాడు

సార్, మీ చీటీల మాట చదివి లంచ్ టైమ్‌లో ప్రోగ్రామ్ రాశాను, పది లైన్లు కూడా పట్టలేదు. 10,000 సార్లు కలిపి పంచాను. 18-11 గానీ అంతకంటే ఎక్కువ తేడా గానీ 1,200 పైచిలుకు సార్లు వచ్చింది, అంటే మీరు చెప్పిన 0.12 దగ్గరికే. కాలేజీలో కై-స్క్వేర్ ఫార్ములా బట్టీ పట్టి పాసయ్యాను కానీ దాని వెనకాల ఉన్నది ఇదని ఇవాళే అర్థమైంది.

అక్కా, నిన్న రాసిన సలహా వెనక్కి తీసుకుంటున్నాను. నిజానికి మా ఆఫీసులోనూ ఇలాంటిదే నడుస్తుంది. యాప్‌లో రెండు రకాల పేజీలు పెట్టి ఏది బాగుందో చూస్తాం. రోజూ పొద్దున్నే రిపోర్ట్ తెరిచి, పీ 0.05 కిందికి దిగిన రోజు టెస్ట్ ఆపి గెలిచిందని చెప్పేస్తాం. అది కూడా తప్పేనా సార్?

చేట్‌పట్_లెక్కలు

తప్పే బాబూ. తేడా ఏమీ లేని చోట కూడా ఐదుసార్లు మధ్యలో తొంగిచూసి దిగినప్పుడు ఆపితే, పొరపాటున గెలిచిందనే అవకాశం 5 శాతం నుంచి సుమారు 14 శాతానికి పెరుగుతుంది. మందుల ట్రయల్స్‌లో మధ్యలో చూడాల్సిన అవసరం నిజంగానే ఉంటుంది, జనానికి హాని జరుగుతుంటే ఆపాలి కదా. కానీ ఎన్నిసార్లు చూస్తామో, ఎంత తేడా ఉంటే ఆపుతామో ముందే రాసుకుంటారు. అలా చూసేది ట్రయల్ నడిపే డాక్టర్లు కాదు, వేరే కమిటీ ఉంటుంది.

పెరంబూర్_డాక్టరు

నాది నెల్లూరు. నలభై ఏళ్ళుగా పెరంబూర్‌లో ప్రాక్టీసు. అమ్మాయికి మీరిచ్చిన సలహా మంచిదే కానీ మీరంతా లెక్కలకి మరీ ఎక్కువ విలువ ఇస్తున్నారేమో అనిపిస్తోంది. నా దగ్గరికి వచ్చే మనిషి సగటు మనిషి కాదు. నాడి పట్టుకుని, నాలుక చూసి, ఇంట్లో ఏం జరుగుతోందో అడిగి మందు రాస్తాను. పేపర్లు ఈ ఏడాది ఒకటి చెబుతాయి, పైఏడాది ఇంకోటి. ఏ మందు పనిచేస్తుందో నా చేతికి తెలుసు.

చేట్‌పట్_లెక్కలు

డాక్టరు గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. కానీ మనం ఉన్న ఈ ఊరిలోనే జరిగిన ఒక సంగతి చెప్పనివ్వండి. నేను ఈ పనిలోకి రావడానికి కారణమే అది.

మీరు రోజూ ఎక్కే లోకల్ ట్రైన్‌కి తాంబరం శానటోరియం అని ఒక స్టేషన్ ఉంది కదా. టీబీ వస్తే అలాంటి చోటికి పంపేవాళ్ళు. మన వైపు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉండేది. మంచి గాలి, మంచం మీద విశ్రాంతి, పాలు, గుడ్లు. ఇవి లేకపోతే టీబీ తగ్గదని పెద్ద పెద్ద డాక్టర్లందరి అనుభవం చెప్పింది. కానీ దేశంలో రోగులు లక్షల్లో, పడకలు కొద్ది. 1956లో చేట్‌పట్‌లో టీబీ చికిత్సా పరిశోధన కేంద్రం పెట్టారు. 193 మంది పేద రోగుల్ని చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుని శానటోరియంలో ఉంచారు, ఇంకో గుంపుని ఇంటి దగ్గరే ఉంచి అవే మాత్రలు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్ళకి ఇరుకు గదులు, చాలీచాలని తిండి, పని కూడా తప్పదు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపుల్లోనూ రోగం దాదాపు ఒకేలా తగ్గింది. శానటోరియం వాళ్ళు బరువు ఎక్కువ పెరిగారు, అంతే. ఇంట్లోవాళ్ళకి రోగం అంటుకోవడం కూడా ఎక్కువ కాలేదు. 1959లో అది అచ్చయ్యాక టీబీ రోగిని ఇంటి నుంచి విడదీయనక్కర్లేదని ప్రపంచం ఒప్పుకుంది. ఎంతమంది తల్లులు పిల్లల దగ్గరే ఉండిపోగలిగారో ఆలోచించండి. అనుభవం ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే ఈపాటికి ఇంకా పడకలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్ళం.

ఇంకొకటి, మీ రోజుల్లోదే. గుండెపోటు వచ్చినవాళ్ళలో గుండె అదనంగా కొట్టుకుంటే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మాత్రలు ఇస్తే ఆ అదనపు చప్పుళ్ళు తగ్గేవి, ఈసీజీలో కనపడేది, డాక్టర్లు తృప్తిగా రాసేవాళ్ళు. అమెరికాలో కాస్ట్ అనే ట్రయల్ చేస్తే, మందు తీసుకున్న 755 మందిలో 63 మంది, ఉత్త మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది చనిపోయారు. 1989లో ఆ మందుల్ని మధ్యలోనే ఆపేశారు. ఈసీజీ చూసి బాగుపడ్డాడనుకున్న డాక్టరుకి తన రోగి ఆ మాత్ర వల్ల పోయాడని తెలిసే దారే లేదు, ఎందుకంటే గుండె రోగి పోతే గుండె జబ్బు వల్లే పోయాడనుకుంటాం. రెండు గుంపుల్ని పక్కపక్కన పెట్టి లెక్కపెడితేనే బయటపడింది.

పెరంబూర్_డాక్టరు

కాస్ట్ సంగతి నాకు తెలుసు. ఆ రోజుల్లో నేనూ అలాంటి మాత్రలు రాసినవాణ్ణే. మీరు ఆ అంకెలు రాయగానే కొన్ని మొహాలు గుర్తొచ్చాయి, కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

ఒకటి ఒప్పుకుంటాను. ఏటా మా వీధిలో బీపీ క్యాంపు పెడతాం. 160 దాటినవాళ్ళని వారం తర్వాత రమ్మంటాం. మధ్యలో కొందరికి మాత్రలు ఇస్తాం, కొందరు భయపడి ఉప్పు మానేస్తారు, కొందరు ఏమీ చేయరు. వారం తర్వాత చూస్తే దాదాపు అందరికీ కొంత దిగుతుంది. మొదట్లో అదంతా నా మందు గొప్పదనమే అనుకునేవాణ్ణి. ఏమీ చేయనివాళ్ళకీ దిగిందని ఒకసారి మా కాంపౌండర్ రాసి చూపించాడు. ఎక్కువ ఉన్నవాళ్ళని ఏరి మళ్ళీ కొలిస్తే వాళ్ళ మామూలు అంకె వైపు దిగడం సహజమని, దానికో పేరు కూడా ఉందని తర్వాత చదివాను.

కానీ నా మొదటి మాట మాత్రం వదలను. వందమందిలో ఎంతమందికి తగ్గుతుందో మీ లెక్క చెబుతుంది, నా ఎదురుగా కూర్చున్న మనిషి ఆ వందలో ఎవరో చెప్పదు. అది ఇంకా మా చేతుల్లోనే ఉంది.

చేట్‌పట్_లెక్కలు

అందులో నాకు పేచీ లేదు డాక్టరు గారూ.

అన్నానగర్_అమ్మ

నేను లెక్కలు రానిదాన్ని, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అత్తగారికి ఒక మాత్ర రాశారు. ప్రాణగండం 33 శాతం తగ్గిస్తుందని కరపత్రంలో ఉంది. నెలకి బాగానే ఖర్చు. అంటే వందమంది వేసుకుంటే 33 మంది బతుకుతారనా?

కోఆర్డినేటర్_అక్క

కాదమ్మా. మాత్ర వేసుకోని వందమందిలో ముగ్గురికి ఆ గండం వస్తుందనుకోండి. వేసుకున్న వందమందిలో ఇద్దరికి వస్తుంది. మూడు కాస్తా రెండైంది కాబట్టి 33 శాతం తగ్గిందని రాస్తారు. అబద్ధం కాదు, కానీ వందకి ఒకరు తప్పించుకున్నారన్నది అసలు మాట. "వేసుకోకపోతే వందకి ఎంతమందికి, వేసుకుంటే ఎంతమందికి, ఎన్నేళ్ళలో" అని డాక్టరుని అడగండి. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి, అడిగాకే ఏదైనా.

దీనికి ఎదురు దిశలో కూడా జరిగింది. 1995లో బ్రిటన్‌లో ఒక రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు, అంటే 100 శాతం పెరుగుతుందని హెచ్చరిక వచ్చింది. నిజానికి అది 7,000 మందిలో ఒకరి నుంచి ఇద్దరికి పెరగడం. రెట్టింపు అన్న మాటకే ఎంతోమంది మాత్రలు మానేశారు, ఆ మరుసటి ఏడాది అబార్షన్లు వేలల్లో పెరిగాయి.

మత్తు_పీజీ

సార్, అక్కా, ఇవాళ మళ్ళీ గైడ్ సార్‌ని కలిశాను. ఐదుగురి సంగతి చూపించాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ కేసు తీయొద్దులే అన్నారు. కానీ "మిగతావి చూడు, వాంతులు, వణుకు, గుండె వేగం, బిడ్డ స్కోరు, ఏదో ఒకదానిలో సిగ్నిఫికెంట్ రాకపోదు, దాన్నే మెయిన్‌గా పెడదాం" అన్నారు. మొత్తం 12 రాసుకున్నాను. వణుకులో 0.03 ఉంది. ఇది తీసివేయడం కాదు కదా, చేయొచ్చా?

చేట్‌పట్_లెక్కలు

అమ్మా, మందు దేనికీ పనిచేయకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 12 కొలతలు చూస్తే వాటిలో కనీసం ఒక్కటైనా 0.05 కిందికి రావడానికి 46 శాతం అవకాశం ఉంది. దాదాపు నాణెం ఎగరేసినట్టే. వణుకు ఫలితం రాయి, దాచొద్దు, కానీ 12 చూస్తే ఇది కనిపించిందని పక్కనే రాయి. మెయిన్ మాత్రం నువ్వు సీటీఆర్‌ఐలో, అంటే మన దేశంలో ట్రయల్స్‌ని నమోదు చేసే రిజిస్ట్రీలో, ఏది రిజిస్టర్ చేశావో అదే. ఆ రిజిస్ట్రీ 2007లో పెట్టిందే ఇందుకు. బీపీ పడటం మెయిన్ అని, 60 మంది అని అక్కడ నీ పేరు మీద ఉంది. ఎవరైనా తెరిచి చూడొచ్చు.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఒకటి ఉంది. 1988లో ఐసిస్-2 అని గుండెపోటు మీద పెద్ద ట్రయల్ వచ్చింది, 17,187 మంది. ఆస్పిరిన్ వల్ల మరణాలు స్పష్టంగా తగ్గాయి. దాన్ని అచ్చువేసే వైద్య పత్రికవాళ్ళు ఆడవాళ్ళలో ఎలా ఉంది, పెద్దవాళ్ళలో ఎలా ఉంది, విడగొట్టి చూపించమని అడిగారు. చేసినవాళ్ళకి అది ఇష్టం లేదు. అలా ముక్కలు చేస్తే ఏం వస్తుందో తెలియాలని రాశుల వారీగా కూడా విడగొట్టి అచ్చు వేయించారు. మిథున, తుల రాశుల వాళ్ళకి ఆస్పిరిన్ కాస్త చెడు చేసినట్టు, మిగతా రాశులకి బాగా మేలు చేసినట్టు వచ్చింది! వాళ్ళ రాశులు పుట్టిన తేదీని బట్టి, మనలా జన్మ నక్షత్రాన్ని బట్టి కాదు, అయినా సంగతి ఒకటే. గుండెపోటుతో వచ్చిన మనిషిని తుల రాశి అని ఆస్పిరిన్ ఇవ్వకుండా పంపిస్తామా? ముక్కలు చేస్తూ పోతే ఎక్కడో ఒకచోట ఇలాంటిది దొరుకుతుంది. నీ వణుకు కూడా అలాంటిదే కావచ్చు, నిజమే కూడా కావచ్చు. ఈ 60 మందిని చూసి తేల్చలేం.

స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారి పేరు వినే ఉంటావు, మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాడు, 2023లో 102 ఏళ్ళ వయసులో పోయారు. ఉన్న డేటాలోంచి ఒక అంచనా ఎంత కచ్చితంగా రాగలదో దానికి ఒక హద్దు ఉందని 1945లో చూపించారు, ఎంత తెలివైన పద్ధతి వాడినా దాటలేని హద్దు. 60 మందిలో ఎంత సమాచారం ఉందో అంతే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని బటన్లు నొక్కినా అరవై ఒకటో మనిషి రాదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో చెప్పనా? మొదట్లోనే. 60 శాతం మందికి పడేది 40 శాతానికి తగ్గుతుందా అని చూడాలంటే ఒక్కో గుంపుకి 95 మంది దాకా కావాలి. 30 మందితో చేస్తే, మందు నిజంగా అంత పనిచేసినా, అది 0.05 కింద పట్టుబడే అవకాశం మూడింట ఒక వంతే. గ్రూపుకి 30 అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, సీనియర్ల థీసిస్‌లలో నుంచి. వాళ్ళకి వాళ్ళ సీనియర్ల నుంచి. ప్రయోగం అయిపోయాక లెక్కలవాణ్ణి పిలవడం శవపరీక్షకి పిలవడం లాంటిదని, దేని వల్ల పోయిందో మాత్రం చెప్పగలడని ఫిషర్ 1938లో కలకత్తాకి వచ్చినప్పుడు అన్నాడు. నేను ముప్పయ్యేళ్ళు చేసింది ఎక్కువగా ఆ పనే. పిల్లలు ఆఖరి నెలలో పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తారు, వాళ్ళ మొహాలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. మొదటి నెలలో ఒక్క గంట వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

కోఆర్డినేటర్_అక్క

సార్ చెప్పింది అక్షరాలా నిజం. నేను పదకొండేళ్ళుగా ట్రయల్స్‌లో పనిచేస్తున్నాను. లెక్క చెడేది కంప్యూటర్ దగ్గర కాదు, అంతకంటే చాలా ముందు.

ఒక చోట బీపీ రిజిస్టర్ చూస్తే 120/80, 130/80, 140/90, పేజీ పేజీ అంతా ఇంతే. చివరి అంకె సున్నా కానిది ఒక్కటీ లేదు. పాదరసం మిషన్లో గీతలు రెండేసి చొప్పున ఉంటాయి, 124, 136, 142 అన్నీ రావాలి. కొలిచిన సిస్టర్ చెడ్డది కాదు, గంటలో నలభై మందిని చూడాలి, కంటికి దగ్గరగా కనపడిన సున్నా రాసేసింది. కానీ 5 పాయింట్ల తేడా వెతికే ట్రయల్‌లో 10 పాయింట్లకి సవరించిన అంకెలు దేనికి పనికొస్తాయి? అప్పటి నుంచి నేను ఏ రిజిస్టర్ చూసినా ముందు చివరి అంకెలే చూస్తాను.

ఇక మధ్యలో రావడం మానేసినవాళ్ళు. పొంగల్‌కి ఊరెళ్ళి తిరిగి రానివాళ్ళు, ఫోన్ నంబరు మారినవాళ్ళు, ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు. వాషర్‌మన్‌పేటలో ఒక పెద్దాయన కోసం మూడుసార్లు తిరిగాను. లెక్కల్లో ఆయన్ని "అందుబాటులో లేరు" అని వదిలేద్దామన్నారు. నాలుగోసారి వెళ్తే ఆయన కూతురు తలుపు తీసింది, మాత్ర వేసుకుంటే కడుపులో మంట భరించలేక మానేశాడట, మాకు చెబితే కోప్పడతామని రాలేదట. అంటే మందు పడనివాళ్ళే రావడం మానేస్తున్నారు. వచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెడితే ఆ మందు చాలా మంచిదని వస్తుంది. అందుకే ఏ గుంపులో మొదట వేశామో చివరిదాకా ఆ గుంపులోనే లెక్కించాలి, వాళ్ళు మందు మానేసినా సరే. డాక్టరమ్మా, నీ సూది రెండుసార్లు గుచ్చిన ఆవిడ కూడా అంతే. రేపు నీ మందు వాడే ఆసుపత్రుల్లో కూడా కొందరికి రెండుసార్లు గుచ్చాల్సి వస్తుంది కదా.

ఆవిడ సంతకం పెట్టిన కాగితం చూశావా ఎప్పుడైనా? తిరువళ్ళూరు, గుమ్మిడిపూండి వైపు నుంచి వచ్చేవాళ్ళలో మన భాష వాళ్ళు చాలామంది, అందుకని మేం తమిళంతో పాటు తెలుగులోనూ వేయిస్తాం. "దీని వల్ల నాకు మేలు జరగకపోవచ్చు, రేపు వేరేవాళ్ళకి ఉపయోగపడుతుంది" అని అందులో ఉంటుంది. చదివి వినిపిస్తే, సరే అమ్మా, ఇంకొకరికైనా మంచి జరగనీ అని వేలిముద్ర వేస్తారు. ఆ వేలిముద్ర వేసిన మనిషిని షీట్‌లో నుంచి తీసేసే హక్కు నాకు లేదనిపిస్తుంది.

మత్తు_పీజీ

అక్కా, ఇది చదివి ఏడ్చేశాను. ఏం రాయాలో చెప్పండి సార్. గైడ్ సార్ ముందు పెడతాను.

చేట్‌పట్_లెక్కలు

ఇలా రాయి. 60 మందినీ ఉంచు. సెలైన్‌లో 30కి 18, అంటే 60 శాతం. మందులో 30కి 11, అంటే 37 శాతం. తేడా 23 పాయింట్లు, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు తేడా ఉండొచ్చనుకునే హద్దులు, మైనస్ 1 నుంచి 48 దాకా. పీ వ్యాల్యూ పక్కన పెట్టు, కానీ ముందు ఇంటర్వల్ రాయి. దాని అర్థం మాటల్లో చెప్పు: ఈ డేటాతో చూస్తే మందు అసలు ఉపయోగపడకపోవచ్చు, దాదాపు సగం మందిని కాపాడనూవచ్చు, ఈ రెండిటి మధ్య ఏదైనా సాధ్యమే, తేల్చడానికి గ్రూపుకి 95 మంది దాకా కావాలి. "తేడా లేదు" అని మాత్రం రాయకు. తేడా లేదని తేలడం వేరు, ఉందో లేదో తేలకపోవడం వేరు. రెండోసారి గుచ్చిన ఐదుగురి లెక్క కూడా అనుబంధంలో పెట్టు.

గైడ్ కాదంటే, గీత దాటిందా లేదా అన్న ఒక్కదాని మీదే శాస్త్రంలో నిర్ణయాలు చేయొద్దని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ఇచ్చిన ప్రకటన చూపించు. పెద్దవాళ్ళకి పిల్లల మాట కంటే అచ్చులో ఉన్న మాట తేలిగ్గా దిగుతుంది.

మత్తు_పీజీ

చాలా రోజుల తర్వాత వస్తున్నాను, క్షమించండి. గైడ్ సార్ ఆ ప్రకటన రెండుసార్లు చదివారు, "మాకు ఎవరూ ఇలా చెప్పలేదమ్మా" అన్నారు. సంతకం పెట్టారు. థీసిస్ తిప్పి పంపలేదు. పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఇంటర్వల్ ఉన్న పేజీ దగ్గర ఆగి మైనస్ 1 అంటే ఏమిటని అడిగారు. ఆ చివర నిజమైతే వందమందిలో ఒకరికి మందు వల్లే అదనంగా బీపీ పడుతుందని చెప్పాను. అయితే ఇంకా ఎంతమంది కావాలని అడిగితే 95 అని చెప్పాను, ఎలా వచ్చిందో బోర్డు మీద వేసి చూపించాను. పాసయ్యాను.

ఇప్పుడు మా జూనియర్ అదే టాపిక్ తీసుకుంటోంది, రెండు కాలేజీలు కలిసి 190 మందితో. రెండోసారి గుచ్చితే ఏం చేయాలో ప్రోటోకాల్‌లో ముందే రాశాం. స్టాటిస్టీషియన్ దగ్గరికి మొదటి వారంలోనే తీసుకెళ్ళాను. సార్, ఆ అమ్మాయి శనివారం మీ దగ్గరికి చేట్‌పట్ రావచ్చా? గంట చాలంటోంది.

చేట్‌పట్_లెక్కలు

పది గంటలకి రమ్మను. ప్రోటోకాల్ కాగితాల మీద తెమ్మను, తెరమీద చదవలేను.